ఎలుగుబంటి లేని రోజు

“గుర్తుందా?” అన్నంత పనికిమాలిన ప్రశ్న ఈ లోకంలో ఇంకోటి లేదని మందాకిని గట్టి నమ్మకం. పొద్దున్నుంచీ అద్దం అవతలి గదిలో, గాజువాక నుంచి వచ్చిన ఒక తల్లి ఆ ప్రశ్నతోనే కొడుకు ప్రాణం తోడేస్తోంది.

“జూకెళ్ళాం కదా, గుర్తుందేటి?”

“ఊఁ.”

“ఏటి చూశాం?”

“ఐస్‌క్రీమ్.”

“ఐస్‌క్రీమ్ చూడ్డానికి జూకెళ్తారేటిరా? పేద్ద మెడుంటాది, ఆకులు తింటాది. దాని పేరేటి? చెప్పు. మొన్న చెప్పావు కదేటి!”

పిల్లాడు చొక్కా కాలరు నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు.

అద్దం ఇవతల మందాకిని మూతి ఎడమ పక్కకి కొంచెం వంకర తిరిగింది. ఆ సంగతి ఆమెకి తెలియదు. ల్యాబులో అందరికీ తెలుసు. తాము రాసిన పరిశోధన వ్యాసం చదువుతుండగా మేడమ్ మూతి అలా తిరిగిందంటే ఇక ఆ వ్యాసాన్ని ఇంటికి తీసుకుపోవడమే మేలని కుర్రవాళ్ళు చెప్పుకునేవారు.

“చూశావా నస్రీన్? ఆ రోజు మొత్తానికి వాడికి మిగిలింది ఒక్క ఐస్‌క్రీమ్. అదీ లాగేసుకుంది మహాతల్లి.”

యంత్రం నడిపే నస్రీన్ నవ్వి ఊరుకుంది. మేడమ్‌తో ఏకీభవిస్తే ఒక తంటా, విభేదిస్తే ఇంకో తంటా. నవ్వితే గొడవ లేదు.

రుషికొండ దాటాక, సముద్రం వైపు కట్టిన ఆ పరిశోధన కేంద్రంలో మందాకిని చేసే పని ఇదే. తల్లిదండ్రులు పసిపిల్లలతో జరిగిపోయిన రోజుల గురించి ఎలా మాట్లాడతారో వినడం. ఎన్నేళ్ళు విన్నా ఆమెకి కన్నవాళ్ళ మీద గౌరవం పెరగలేదు, ఉన్నది కాస్తా పోయింది. వాళ్ళకి పేర్లు కూడా పెట్టింది. పరీక్షలు పెట్టేవాళ్ళు, గాజువాక ఆవిడలాగా. దిద్దేవాళ్ళు, “అది కాదు నాన్నా, ఇలా జరిగింది” అంటూ పిల్ల నోట్లో మాట నోట్లోనే తొక్కేసేవాళ్ళు. ఇక కోతలు కోసేవాళ్ళు, గోరంతది కొండంత చేసి పిల్లల నెత్తిన పెట్టేవాళ్ళు. ఈ మూడో రకం వాడొకడు తన ఇంట్లోనే ఉన్నాడన్నది ఆమె ల్యాబులో చెప్పుకోని సంగతి.

మధ్యాహ్నం భీమిలి వైపు నుంచి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. తుఫానప్పుడు కుర్రాడు ఒక రాత్రంతా ఇంటి కప్పు మీద ఉన్నాడట. అప్పట్నుంచి చినుకు పడితే చాలు, మంచం కిందికి దూరిపోతున్నాడు. నస్రీన్ వాడి నుదుటికి మెత్తటి పట్టీ కట్టింది. ల్యాబులో అందరూ ఆ యంత్రాన్ని ‘లక్క’ అనేవారు. పూర్వం ఉత్తరాల మీద లక్క కరిగించి ముద్ర వేసేవారు కదా, అలాంటిదే. మనిషి ఒక సంగతిని తలుచుకున్న ప్రతిసారీ ఆ జ్ఞాపకం కాసేపు మెత్తబడుతుంది. అప్పుడు వినబడిన మాట ఏదైనా అందులో కలిసిపోతుంది, తర్వాత మెల్లగా గట్టిపడుతుంది. మళ్ళీ తలుచుకుంటే మళ్ళీ మెత్తబడుతుంది. లక్క చేసేదల్లా, మెత్తగా ఉన్న ఆ క్షణాన్ని పట్టుకుని గట్టిగా బిగించేయడం. ఆ తర్వాత అది ఎన్నిసార్లు తలుచుకున్నా మెత్తబడదు.

“నువ్వు నా భుజం మీదున్నావురా,” అంటున్నాడు తండ్రి. “నా జుట్టు పట్టుకున్నావు. ఎంత గట్టిగా పట్టుకున్నావంటే, నీళ్ళకంటే నాకు నీ పిడికిలే భయమేసింది.”

పిల్లాడు కిసుక్కున నవ్వాడు. జ్ఞాపకం మెత్తబడిందన్నట్టు తెర మీద పచ్చగీత అల్లల్లాడింది. నస్రీన్ మీట నొక్కింది. అంతే, లక్క పడింది. వారం తిరిగేసరికి వాడు వానలో గెంతుతున్నాడని కబురొచ్చింది.

కాబట్టి యంత్రం దొంగది కాదు, మందాకిని దొంగ పరిశోధకురాలూ కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. యంత్రం గది తలుపు మీద ఆమె తన చేత్తో రాసి అంటించిన నియమం కూడా ఒకటుంది: ‘చూసినవాళ్ళే చెప్పాలి.’ ఒకసారి ఒక ముసలామె మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల తల్లిదండ్రులు ప్రమాదంలో పోయారు. వాళ్ళు ముగ్గురూ చివరిసారి ఏటి ఒడ్డున ఆడుకున్న రోజుని పిల్లకి లక్క వేయించాలని ఆమె ఆశ. “మీరు ఆ ఏటి దగ్గర ఉన్నారా? లేరు కదా. మరేం చెప్తారు?” అని మందాకిని ఆమెని గుమ్మంలోంచే పంపేసింది. ముసలామె ఏడుస్తూ పోయింది. శాస్త్రానికి ఏడుపులు పట్టవు.

సీతమ్మధారలో మేడ మీద ఇల్లు. సాయంత్రం మందాకిని వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే వరండాలోంచి ఆ రోజు కచేరీ మొదలైంది. భర్త సింహాద్రి బళ్ళో డ్రాయింగు మాస్టారు. ఏనుగుకి అయిదు కాళ్ళు వేసిన పిల్లాడికి కూడా ‘అయిదోది తొండమేమో’ అని మార్కులు వేసే రకం. నేల మీద పెద్ద కాగితం పరిచి, కూతురు కిన్నెరతో కలిసి బోర్లా పడుకుని రైలు బొమ్మ వేస్తున్నాడు. కిన్నెరకి అయిదు నిండి కొన్నాళ్ళే అయింది.

“అప్పుడు రైలు తోక కనబడింది కదేటి?”

“కనబడింది! ఎర్ర లైటు!”

“మనం ఏటి చేశాం?”

“టాటా చెప్పాం!”

“ఎవరికి?”

“అమ్మకి!” అని కిన్నెర కాళ్ళు కొట్టుకుంటూ నవ్వింది.

కత్తి బెండకాయని వదిలి పీట మీద టక్కున దిగింది.

ఏడాది కిందట అరకు వెళ్ళిన రోజు అది. రైల్లో, చుట్టూ గాజు కిటికీలుండే అద్దాల పెట్టెలో ప్రయాణం. బొర్రా దాటాక ఎక్కడో చిన్న స్టేషన్లో, ఎదురొచ్చే గూడ్సు కోసం రైలు ఆగింది. మొక్కజొన్న పొత్తులు కొందామని సింహాద్రి కూతుర్ని తీసుకుని దిగాడు. రైలు కదిలిపోయింది. మందాకిని ల్యాబుతో ఫోన్‌లో మాట్లాడుతూ, రెండు సొరంగాలు దాటి సిగ్నల్ పోయాక తల తిప్పి చూస్తే పక్క సీట్లు ఖాళీ. ఆ తర్వాత అరకు చేరేదాకా ఆమె పడిన నరకం ఆమెకే తెలుసు. పెట్టె పెట్టెకీ పరుగెత్తింది, టీటీఈ కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. “పిల్లని వదిలేసి కూర్చున్నావేమిటమ్మా” అని ఎవరో ముక్కూ మొహం తెలియనావిడ అంది. మధ్యాహ్నం దాటాక తండ్రీ కూతుళ్ళు గడ్డి వేసిన జీపులో ఊరేగుతూ అరకు వచ్చారు. ఒంటి నిండా గడ్డి, మొహం నిండా నవ్వు. ఆ నవ్వుని మందాకిని ఈనాటికీ క్షమించలేదు.

“మరప్పుడు పొదల్లోంచి ఎవరొచ్చారు?”

“దూడ. నా మోచెయ్యి నాకింది.”

“దూడేనంటావా? నల్లగా ఉన్నట్టుంది కదమ్మా?”

కిన్నెర పెన్సిలు కొన కొరికి ఆలోచించింది. కళ్ళు పెద్దవయ్యాయి. “ఎలుగుబంటి!”

“అమ్మో! దాని చేతిలో ఏటుంది?”

“మొక్కజొన్న పొత్తు! మనకిచ్చేసింది!”

“ఎందుకిచ్చేసిందేటి?”

“మన రైలు పోయింది కదా నాన్నా, జాలేసింది.”

మందాకిని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొన్న దూడ, నిన్న గేదె, ఇవాళ ఎలుగుబంటి. రేపు పులి వచ్చి టిక్కెట్లు కొంటుంది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టుంది వీళ్ళ వాటం అనుకుంది. పిల్లని అడిగి, పిల్ల చెప్పింది విని, దానిమీద ఇంకోటి అడిగి, అలా రోజుని ఇద్దరూ కలిసి పెంచుకుంటూ పోవడం కంటే మంచి పద్ధతి లేదని మందాకిని తానే మూడు దేశాల సభల్లో చెప్పి వచ్చింది. కానీ ఆ మాట సభలో చెప్పడం వేరు, మొగుడు చేస్తుంటే చూడడం వేరు.

“నువ్వూ రా మందాకినీ,” అన్నాడు సింహాద్రి పక్కకి జరుగుతూ. “నీ రైల్లో ఏటి జరిగిందో దానికి తెలీదు కదా. ఆ ముక్క నువ్వు చెప్పు.”

“నాకు పనుంది,” అని మందాకిని మొహం ముందు ఈగని తోలినట్టు చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

అక్కడితో పోయేదే. కానీ మర్నాడు బడి నుంచి టీచరు ఫోన్ చేసింది. “మేడమ్, మీ పాప తనకి ఎలుగుబంటి పొత్తిచ్చిందని క్లాసంతా చెబుతోంది. అబద్ధం అన్న పిల్లని గిచ్చింది. మీరు జ్ఞాపకాల మీదే కదండీ పరిశోధన చేసేది...” అని ఆవిడ మర్యాదగా ఆగింది. ఆ మర్యాదే మందాకిని ఒళ్ళు మండించింది.

“పిల్లకి అబద్ధాలు నూరిపోస్తున్నారు మీరు,” అంది భర్తతో.

“అబద్ధం కాదే, ఆట. దూడని దానికి తెలుసు.”

“మీకు తెలుసా, అది చెప్పండి ముందు. పదేళ్ళు పోయాక దాని తలకాయలో దూడ మిగులుతుందా, ఎలుగుబంటి మిగులుతుందా?”

“ఏది మిగిల్తే ఏటి? నేను మిగుల్తాను కదా పక్కన,” అన్నాడు సింహాద్రి.

మందాకిని మూతి ఎడమ పక్కకి తిరిగింది. ఆ మనిషికి శాస్త్రం చెప్పడం దండగ. తనే చూసుకోవాలి.

రెండో శనివారం ల్యాబుకి సెలవు. మందాకిని కిన్నెరని తీసుకువెళ్ళింది. నస్రీన్‌ని పిలిపించింది.

“మేడమ్, కమిటీకి చెప్పకుండా...”

“నా కూతురు, నా యంత్రం. పైగా నువ్వు రోజూ చేసే పనే.”

నస్రీన్ పట్టీ కడుతూ, తలుపు మీద అంటించిన కాగితం వైపు ఒకసారి చూసింది. “ఆ రోజు మీరూ ఉన్నారు కదండీ?”

“నేను లేకుండా అరకు వెళ్ళారా వాళ్ళు?” అంది మందాకిని. నస్రీన్ నవ్వి ఊరుకుంది.

మందాకిని చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క అలంకారం లేకుండా, కొలబద్ద పెట్టి గీసినట్టు చెప్పింది. రైలు ఆగింది. నాన్న చెప్పాపెట్టకుండా నిన్ను దింపేశాడు. రైలు వెళ్ళిపోయింది. నాన్న చూసుకోలేదు. నీకు భయమేసింది, అమ్మ కావాలని ఏడ్చావు. అక్కడ ఎలుగుబంటి లేదు, గేదె లేదు, ఒక దూడ ఉంది. పొత్తులు ఒక ఆవిడ దగ్గర కొన్నారు. తర్వాత జీపులో వచ్చారు. కిన్నెర మధ్యలో ఒకటి రెండుసార్లు నోరు తెరిచింది. మందాకిని సరిదిద్దింది. తెర మీద పచ్చగీత అల్లల్లాడింది. మీట పడింది.

ఇంటికి వస్తూ కిన్నెరకి ఐస్‌క్రీమ్ కొనిపెట్టింది. పాడైపోయిన వస్తువుని బాగుచేయించి తెచ్చుకున్నంత తృప్తిగా ఉంది ఆమెకి.

ఆ సాయంత్రమే సింహాద్రి కాగితం పరిచాడు. “అమ్మా కిన్నెరా, ఎలుగుబంటికి పొత్తెవరిచ్చారో చెప్పలేదు నువ్వు.”

“ఎలుగుబంటి లేదు. దూడ.”

“దూడేలే. కానీ నల్లగా...”

“గోధుమరంగు దూడ నాన్నా. నీకేమీ గుర్తుండదు.” అలా అంటున్నప్పుడు ఆ పసిమూతి ఎడమ పక్కకి కొంచెం తిరిగింది.

సింహాద్రి నవ్వాడు. కిన్నెర నవ్వలేదు. కాసేపటికి అతనొక్కడే రైలుకి రంగు వేసుకుంటూ కూర్చున్నాడు. మందాకిని వంటింట్లోంచి అంతా విని, రంగు కూడా కరెక్టుగా చెప్పిందని మురిసిపోయింది. ఆ మురిపెం చూస్తే ఎవరికైనా అసహ్యం వేసేది. చూసేవాళ్ళు లేరు కాబట్టి ఆ పని ఈ కథ చేస్తోంది.

తర్వాత ఇల్లు మెల్లగా మారింది. సింహాద్రి ‘ఆ రోజు’ అనగానే కిన్నెర దిద్దేది. అతను ఇంకో రోజు ఎత్తుకునేవాడు, పుట్టినరోజు, వాన పడిన రోజు, ఏదో ఒకటి. వాటికి లక్క వేయలేదు. అయినా కిన్నెర వాటిల్లోకి కూడా రాలేదు. నీకేమీ గుర్తుండదు కదా అని ఓపిగ్గా చూసేది. ఒక్క రోజుకి వేసిన లక్క ఆ మనిషి మొహం మీదే పడ్డట్టయింది.

ఆదివారం ముగ్గురూ బీచి రోడ్డుకి వెళ్ళారు. రోడ్డుకి అవతల మరమరాలు కలిపిచ్చే మురీ మిక్చరు బండి ఉంది. “పదమ్మా, తెచ్చుకుందాం,” అని సింహాద్రి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి చాపితే ఎగిరి పట్టుకునే పిల్ల, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

“అమ్మ వస్తేనే వస్తాను.”

“అదేటి? ఇక్కడే కదా.”

“నువ్వు చూసుకోవు నాన్నా. నేను ఏడుస్తాను.”

సింహాద్రి చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. బండివాడు అవతల నుంచి “ఎన్ని పొట్లాలు సార్?” అని అరుస్తున్నాడు. కాసేపటికి అతను చెయ్యి దించి ప్యాంటుకి తుడుచుకున్నాడు, దానికేదో అంటినట్టు.

ఇంటికి వచ్చాక, కిన్నెర కింది వాటా పిల్లలతో ఆడుకోవడానికి దిగాక, సింహాద్రి భార్య ఎదురుగా కూర్చున్నాడు. “నీ ఆఫీసులో నుదిటికి పట్టీ కట్టి కథ చెప్పావంట. పిల్ల చెప్పింది. ఏటి చేశావు దాన్ని?”

“కథ కాదు. నిజం చెప్పాను. మీరు పోగేసిన చెత్త ఊడ్చేశాను.”

“నా కూతురు నాకు చెయ్యివ్వలేదు మందాకినీ.” “ఎలుగుబంటిని తీసేసుకో. గేదెని తీసేసుకో. పోనీ దూడని కూడా తీసేసుకో. అది ఏడవలేదు. ఒక్క చుక్క రాల్చలేదు. ఆ ఏడుపు నువ్వెక్కడ నుంచి తెచ్చావు?”

“నాలుగేళ్ళ పిల్ల, తల్లి ఉన్న రైలు వెళ్ళిపోతే ఏడవదా? ఎవరికి చెప్తారు?”

“నీకే. అది నవ్వింది.”

“మీకేమీ గుర్తుండదు,” అంది మందాకిని. అన్న వెంటనే ఆ మాట తను ఇంకెక్కడో విన్నట్టు అనిపించింది కానీ, ఆగి ఆలోచించే ఓపిక లేదు. ల్యాబులో పట్టీ కట్టి మాట్లాడించిన ప్రతిసారీ వీడియో తీస్తారు. కిన్నెర తన నోటితో చెప్పిందే చూపిస్తే ఈ కోతలరాయుడి నోరు శాశ్వతంగా మూతపడుతుంది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి నస్రీన్ చేత ఆ వీడియో పెట్టించింది.

తెర మీద ఒక ఆడమనిషి, ఎదురుగా పట్టీ కట్టుకున్న ఒక పసిపిల్ల.

“నాన్న చెప్పాపెట్టకుండా నిన్ను దింపేశాడు,” అంది ఆ ఆడమనిషి.

“చెప్పాడమ్మా,” అంది పిల్ల. “నువ్వు ఫోన్‌లో ఉన్నావు. పొత్తులు తెస్తామని చెప్పాడు. నువ్వు చెయ్యి ఇలా ఊపావు.” పిల్ల ఈగని తోలినట్టు ఊపి చూపించింది.

“అదేం లేదు. చెప్పలేదు. నీకు భయమేసింది. ఏడ్చావు.”

“ఏడవలేదు. నవ్వొచ్చింది. రైలు మనల్ని మర్చిపోయిందని నాన్న అంటే...”

“ఏడ్చావు కిన్నెరా. చిన్నపిల్లలు ఏడుస్తారు. నీకు గుర్తులేదంతే. ఏడ్చావు. కదా?”

పిల్ల తల్లి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఆ ఆడమనిషి మూతి ఎడమ పక్కకి వంకర తిరిగి ఉంది. పిల్ల కళ్ళు ఆ మూతి మీదే ఉన్నాయి. మాటలు విన్నదో లేదో కానీ, మూతిని మాత్రం విడవకుండా చూసింది.

“ఊఁ,” అంది చివరికి. “ఏడ్చాను.”

పచ్చగీత అల్లల్లాడింది. మీట పడింది.

నస్రీన్ నవ్వలేదు. ఊరుకుంది.

అద్దం ఇవతల కూర్చుని ఇన్నేళ్ళుగా మందాకిని వందలమంది తల్లులని చూసింది. ఇంత నీచంగా దిద్దిన తల్లిని మాత్రం చూడలేదు. గాజువాక ఆవిడ ఐస్‌క్రీమే లాక్కుంది, ఇది తండ్రినే లాక్కుంది. గురివింద గింజకి తన కింది నలుపు తెలియదంటారు. గింజకి పోనీ అద్దం లేదు. మందాకినికి గది పొడుగునా అద్దం ఉంది, ఎప్పుడూ అవతలికే చూసుకుంది.

ఆ చెయ్యి ఊపడం ఇప్పుడు ఆమెకి గుర్తొచ్చింది. సింహాద్రి వంగి ఏదో అంటున్నాడు. ఫోన్లో ఎవరో అంకెలు తప్పు చెబుతున్నారు. తను అటు చూడకుండానే చెయ్యి ఊపింది, వెళ్ళండి వెళ్ళండి అన్నట్టు. అరకు చేరేలోపే ఆ చేతిని తన తలలోంచి తీసేసి, దాని చోట మొగుడి నిర్లక్ష్యాన్ని పెట్టుకుంది. దానికి యంత్రం కూడా అక్కర్లేకపోయింది.

“తీసేయడానికి వీలుంటుందా?” అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు రాసింది తనే.

“మెత్తబడదు కదండీ,” అంది నస్రీన్ మెల్లగా. “పట్టీ కట్టి చూద్దామన్నా గీత కదలదు.” తలుపు వైపు చూడకుండా మళ్ళీ అంది, “మేడమ్, ఆ స్టేషన్లో మీరు లేరు కదండీ.”

ఏటి ఒడ్డు ముసలామె గుమ్మంలోంచి వెనక్కి తిరిగి వెళ్ళిన తీరు మందాకిని కళ్ళ ముందు మెదిలింది. తలుపు మీది కాగితాన్ని పీకేద్దామని చెయ్యెత్తింది. కానీ ఆ కాగితంలో తప్పేముంది? చెయ్యి దించేసుకుంది.

మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేసింది. ఒంటిపూట బళ్ళు కాబట్టి తండ్రీ కూతుళ్ళు ఇంట్లోనే ఉన్నారు. వరండాలో కిన్నెర ఒక్కతే నేల మీద కూర్చుని బొమ్మ వేస్తోంది. స్కేలు పెట్టి గీసిన పట్టాలు, స్కేలు పెట్టి గీసిన రైలు. పక్కన గోధుమరంగు దూడ. ఒక మూల చిన్న పిల్ల, చెంపల మీద రెండు నీలం చుక్కలు. నాన్న బొమ్మ లేదు. సింహాద్రి లోపల కుర్చీలో పిల్లల డ్రాయింగు పుస్తకాలు దిద్దుతున్నట్టు నటిస్తున్నాడు.

మందాకిని బ్యాగు పక్కన పడేసి, చీర నలుగుతుందని చూసుకోకుండా నేల మీద కూర్చుంది. ఆ వరండాలో ఆమె అలా కూర్చోవడం అదే మొదలు. ఇన్నేళ్ళు ఎలా మాట్లాడాలో లోకానికి చెప్పిన మనిషికి మొదటి మాట దొరకలేదు.

“ఎలుగుబంటి ఏదమ్మా?” అంది చివరికి.

“లేదు కదమ్మా. నువ్వే చెప్పావు. దూడ.”

“ఉంది కిన్నెరా. నేను చెప్పింది తప్పు. ఎలుగుబంటి వచ్చింది. నేను చూశాను.”

లోపల పెన్సిలు చప్పుడు ఆగిపోయింది.

కిన్నెర తల ఎత్తి తల్లిని చూసింది. మెల్లగా, ఏ తొందరా లేకుండా, ఆ చిన్న మూతి ఎడమ పక్కకి తిరిగింది. మందాకిని జీవితంలో మొదటిసారి ఆ వంకరని ఎదుటినుంచి చూసింది. ల్యాబులో కుర్రవాళ్ళు వ్యాసాలు పట్టుకుని ఎందుకు ఇంటికి పోయేవారో అర్థమైంది.

“నువ్వు రైల్లో ఉన్నావు కదమ్మా,” అంది కిన్నెర. “నువ్వెలా చూస్తావు?”

మందాకిని చూపు బొమ్మలోని నీలం చుక్కల మీదికి జారింది. ఇంతలో సింహాద్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. భార్య మొహం చూశాడు. అడగాల్సింది చాలా ఉంది, అన్నీ న్యాయమైనవే. అవేవీ అడగకుండా వచ్చి ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు.

“అద్దాల పెట్టె కదేటి,” అన్నాడు. “అందులోంచి అన్నీ కనబడతాయి. ఏ పక్క కనబడింది నీకు?”

“ఎడమ పక్క,” అంది మందాకిని. “పొద దగ్గర. పొత్తు పట్టుకుని ఉంది.”

“పచ్చిదా, కాల్చిందా?”

“కాల్చింది. ఉప్పూ నిమ్మకాయా రాసి ఉంది.”

“రైలుకి చెయ్యి ఊపిందా?”

“ఊపింది,” అంది మందాకిని. ఇక ఆపుకోలేకపోయింది. ఏడుస్తూనే చెప్పింది. “రైలాపమని ఊపింది. నేను ఫోన్‌లో ఉండి చూసుకోలేదు. మీరు నాకు చెప్పే దిగారు. నేను వినలేదు.”

సింహాద్రి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “మరేటి, ఎలుగుబంటి గొంతు చిన్నది కదా,” అన్నాడు. “నువ్వేటి చేస్తావు.”

అలా ఆ ఇద్దరూ, ఎన్నడూ లేనిది, ఒక మాట మీద ఇంకో మాట పేర్చుకుంటూ ఆ రోజుని మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టారు. రైల్లో మందాకిని పెట్టె పెట్టెకీ పరుగెత్తడం సింహాద్రి అప్పుడే మొదటిసారి విన్నాడు. జీపులో మేక కూడా ఉందని మందాకిని అప్పుడే తెలుసుకుంది. మధ్యమధ్య ఇద్దరూ కిన్నెర వైపు చూసి, “కదమ్మా? తర్వాతేమైంది?” అని అడిగారు, తలుపు తడుతున్నట్టు.

కిన్నెర కాసేపు ఓపిక పట్టింది. మందాకినికి ఆ ఓపిక బాగా తెలుసు. అద్దం ఇవతల కుర్చీలో కూర్చుని, అవతల గదిలోని తెలివితక్కువ వాళ్ళని చూసే ఓపిక అది. చివరికి పిల్లకి విసుగొచ్చింది.

“మీ ఇద్దరికీ ఏమీ గుర్తుండదు,” అంది. మొహం ముందు ఈగని తోలినట్టు చెయ్యి ఊపి, స్కేలు తీసుకుని పట్టాలు గీసుకోవడంలో పడిపోయింది.